బొంతకు కొలబద్ద ఎందుకు?

గుంటూరు నుంచి చిలకలూరిపేట, మార్టూరు మీదుగా ఒంగోలు దాకా, పత్తీ మిరపా పండే ఊళ్ళలో బొంత లేని ఇల్లు మొన్నమొన్నటిదాకా అరుదు. పాత నేతచీరలు పొరలు పొరలుగా పరిచి, బారెడు దారంతో వరసగా కుట్టుకుంటూ పోతే అదే పరుపు, అదే దుప్పటి, అదే పసిబిడ్డకు పక్క. ఇప్పుడా పని రెండు దారులు పట్టింది. ఒకటి పాతదే, ఇంటి వాడకానికి కుట్టుకునేది. రెండోది గుడ్డముక్కలను చదరాలుగా, త్రికోణాలుగా కత్తిరించి కూర్చి, క్విల్టు పేరుతో అమ్మకానికి కుట్టేది. ఈ రెండో దారి వెంటే గుండ్రటి కత్తులు, గళ్ళు గీసిన స్కేళ్ళు, మిషను మీద గుడ్డను నొక్కిపట్టే రకరకాల ఫుట్‌లు బజారులోకీ ఫోన్లలోకీ వచ్చిపడ్డాయి. వీటిలో ఏది పనిముట్టు, ఏది ఆర్భాటం అన్న తగువును ఇక్కడ ఇద్దరి నోట పెడుతున్నాను. వదిన చేతికుట్టు పక్షం, మరదలు పనిముట్ల పక్షం. ఇద్దరూ కల్పితులే. వాళ్ళు చెప్పే లెక్కలు మాత్రం ఎవరైనా టేపు పెట్టి సరిచూసుకోవచ్చు. నా మొగ్గు మరదలివైపే, దాచను. అయితే వదిన అడుగడుగునా అడ్డుపడకపోతే మరదలి వాదంలో సగం గాలికి పోయేదే.

వదిన: ముందు ఒక సంగతి తేల్చుకుందాం అమ్మాయ్. బొంతకు కొలత లేదని నీకెవరు చెప్పారు? అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే మడతకు ఆరడుగులు వస్తుంది. పన్నా నలభై అయిదు అంగుళాలు. రెండు చీరలైతే ఆరు పొరలు, మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత పొడవు. ఈ కొలత వేసింది బొంత కుట్టే మనిషి కాదు, ఏ చీరాల పక్కనో మగ్గం మీద కూర్చున్న నేతగాడు. అంచు తిన్నగా రావడానికి పడాల్సిన తిప్పలన్నీ అతనే పడ్డాడు. నేత గుడ్డను అడ్డంగా చీల్చాలా? అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి చింపు. పేక పోగు వెంట గీత గీసినట్టు చినుగుతుంది, ఏ స్కేలూ అంత తిన్నగా గీయలేదు. పొరలు జరగకుండా చాప మీద పరిచి, నాలుగు మూలలా సన్నికల్లో పచ్చడిబండో పెట్టి, నడిమి నుంచి అంచులకు కచ్చా కుట్టు వేసుకుంటూ పోతే ముడత రాదు. ఇంత తెలివి ఆ పనిలోనే ఉండగా దానికి జపాను కత్తీ అమెరికా స్కేలూ తగిలించడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయడమే.

మరదలు: ఆ బొంతకు స్కేలు అక్కర్లేదని నేనూ ఒప్పుకుంటాను వదినా. కానీ నువ్వు చెప్పిన దాంట్లో పనిముట్లు లేవా? మగ్గం పనిముట్టే, సన్నికల్లు పనిముట్టే, గాటు పెట్టిన కత్తెరా పనిముట్టే. దూది బొంతలకైతే దూదేకులవాళ్ళు విల్లు పట్టుకుని ఇంటింటికీ వచ్చేవాళ్ళు. పొడుగాటి కొయ్యకు నరం లాగి కట్టి, దాన్ని చెక్క గూటంతో మోదితే, నరం కంపించినప్పుడల్లా ముద్దకట్టిన దూది పోగులుగా విడిపోయి మెత్తగా ఎగిరేది. చేతివేళ్ళతో విప్పితే సరిపోదా, ఆ విల్లెందుకు అని ఎవరూ అడగలేదే! అలవాటైన పనిముట్టు కంటికి ఆనదు, కొత్తది మాత్రం ఆర్భాటంగా కనిపిస్తుంది. చింపడం గురించి చెప్పావు, మంచి మాటే. అయితే అది నూలుబట్టకు, పోగు వెంట మాత్రమే పనిచేస్తుంది. చినిగిన అంచున పోగులు లాగుకుపోయి వదులైపోతాయి, అక్కడ కుట్టు గట్టిగా నిలవదు. ఏటవాలుగా త్రికోణం కావాలంటే చింపి తీయలేవు. ఇక నా అసలు మాట విను. గుడ్డ నిండుగా ఉన్నంతకాలం కొలత నేతగాడిది. దాన్ని ముక్కలు చేసిన క్షణం నుంచి కొలత నీది. నాలుగున్నర అంగుళాల చదరపు ముక్కలు పదహారు ఒక వరుసలో కుట్టాలనుకో. నాలుగు వైపులా పావు అంగుళం మార్జిన్ పోగా ఒక్కొక్కటి నాలుగు అంగుళాలు తేలాలి. వరుసకు 64 అంగుళాలు, రెండు చివర్లా మిగిలే మార్జిన్ కలిపితే 64న్నర. కుట్టేటప్పుడు పావు అంగుళానికి మరో వీసం ఎక్కువ లోపలికి పోయిందనుకో. వీసం అంటే అంగుళంలో పదహారోవంతు, ఎవరి కంటికి తెలుస్తుంది? కానీ ప్రతి అతుకు దగ్గరా రెండు ముక్కలూ చెరో వీసం పోగొట్టుకుంటాయి. పదిహేను అతుకులకు ముప్పై వీసాలు, అంటే రెండంగుళాలకు పరక తక్కువ. కింది వరుస సరిగ్గా కుట్టి ఉంటే పై వరుస దానికి రెండంగుళాలు కురచ. అప్పుడు లాగి కుడతారు. లాగి కుట్టిన చోట గుడ్డ బుడగలా లేస్తుంది. ఇది చేతివాటం లేక జరిగింది కాదు, లెక్క.

వదిన: లెక్క బాగానే ఉంది. దాంట్లోనే నా జవాబూ ఉంది. నిండు గుడ్డను ముక్కలు చేయడం ఎందుకు, మళ్ళీ అతకడం ఎందుకు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల! నీ నాలుగున్నర అంగుళాల ముక్కనే తీసుకో. అది ఇరవైం పావు చదరపు అంగుళాలు. పైకి తేలేది పదహారు. అంటే అయిదోవంతు గుడ్డ కుట్టులో దాక్కుంటుంది. ముక్క ఇంకా చిన్నదై రెండున్నర అంగుళాలదైతే మూడోవంతుకు పైనే లోపలికి పోతుంది. పత్తి పండించేవాడికి తెలుసు ఆ గుడ్డ విలువ. క్వింటాలు పత్తి జిన్నింగులో వేస్తే దూది మూడోవంతే, మిగతాదంతా గింజ. అంత కష్టపడి వచ్చిన నూలును కుట్టు కింద పూడ్చిపెట్టి, అది కుదరలేదని పనిముట్లు కొనమంటావు. పోనీ ముక్కలతోనే కుట్టాలి అంటావా, ముక్కలకు స్కేలు కావాలన్న రూలేమీ లేదు. పల్నాడు తండాల్లో సుగాలీ ఆడవాళ్ళు అద్దాలూ గవ్వలూ గుడ్డముక్కలూ కూర్చేది ఏ స్కేలుతో? కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ ఆడవాళ్ళ కవంది చూడు. అడుగున ఒక చీర పరుస్తారు. మూల దగ్గర మొదలుపెట్టి, అంచుల వెంట ముక్క మీద ముక్క పేర్చుకుంటూ, చుట్లు చుట్లుగా నడిమికి వస్తారు. ఎంత చోటుంటే అంత ముక్క, మిగిలితే లోపలికి మడత. అక్కడ వీసం తేడా పోగుపడే ప్రసక్తే లేదు, ఏ ముక్క తేడా ఆ ముక్కలోనే సర్దుకుంటుంది. కాబట్టి నీ రెండంగుళాల కురచతనం గుడ్డముక్కల తప్పు కాదు, మీ పద్ధతి తప్పు. రోగం మీరే తెచ్చి మందు మీరే అమ్ముతున్నారు.

మరదలు: గుడ్డ పోతుందన్నావు, అక్కడే మొదలుపెడతాను. కొలత లేకుండా కుట్టే చెయ్యి భయంతో ఎంత మార్జిన్ వదులుతుంది? ఊడిపోతుందేమోనని అర అంగుళం వదులుతుంది. అప్పుడు నాలుగున్నర అంగుళాల ముక్క మూడున్నరే తేలుతుంది, పైకి వచ్చేది పన్నెండుం పావు చదరపు అంగుళాలు. అంటే అయిదింట రెండు వంతులు కుట్టులోకి పోయింది. పావు అంగుళాన్ని నమ్మకంగా పట్టే ఏర్పాటు ఒకటుంటే ఆ నష్టం సగానికి పడిపోతుంది. గుడ్డ మీద ప్రేమ ఉన్నవాళ్ళకే ముందు కొలత కావాలి వదినా. పైగా ఈ ముక్కలు నిండు చీరను కోసి తెచ్చినవి కావు. దర్జీ దుకాణంలో జాకెట్లు కత్తిరించగా మిగిలినవి, లేకపోతే చెత్తలోకి పోయేవి. ఇక కవంది గురించి. అది గొప్ప పద్ధతి, ఒప్పుకున్నాను. దాని షరతు కూడా చూడు. మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా అడుగున చీర ఉండాలి, ఎక్కడ ఏ ముక్క పడాలో అక్కడికక్కడే తేల్చుకోవాలి. పనిని విడదీసి పంచుకోలేవు, ఒకదానిలాంటిది మరొకటి కుట్టలేవు. ఇంటి కోసమైతే ఆ షరతు షరతే కాదు. అమ్మకమైతే అదే అడ్డుపడుతుంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే ఊరుంది. నల్లజాతి రైతు కుటుంబాల ఆడవాళ్ళు పొలం పనికి వేసుకుని చిరిగిన ప్యాంట్లూ చొక్కాలతో, కంటి అందాజుతో బొంతలు కుట్టారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియం వాటిని గోడలకు వేలాడదీసి ప్రదర్శన పెట్టింది, 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలూ వచ్చాయి. నీ పక్షానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదు. కానీ ఆ ఊరున్న కౌంటీలోనే 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని ఒక సహకార సంఘం పుట్టింది. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టిచ్చే పని దానికి దొరికింది. దిండుకు గలీబు పట్టాలి కదా, అక్కడ అందాజు పనికిరాదు. మ్యూజియానికెక్కిన పనితనం ఒకటి, నెలనెలా డబ్బు తెచ్చిన పనితనం ఒకటి. రెండూ ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళవే. ఆరుగురు కూర్చుని ఆరు ఇళ్ళలో ముక్కలు కుట్టి, ఏడో ఇంట్లో అతకాలంటే, కొలత ఒక చేతి నుంచి ఇంకో చేతికి చెడకుండా పోవాలి. దాన్ని మోసుకుపోయేదే పనిముట్టు.

వదిన: సరే, అమ్మకానికే అనుకుందాం. ఖర్చు సంగతి? గుండ్రటి కత్తి కొంటే కింద వేసే మ్యాటు కొనాలి. మ్యాటు కొంటే గళ్ళ స్కేలు కొనాలి. బిళ్ళ మొద్దుబారితే కొత్త బిళ్ళ. ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వస్తుంది. డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పు గేదెకు పెడితే పాలన్నా ఇస్తుంది. పసిపిల్లలు పాకే ఇంట్లో బ్లేడు చక్రం పెట్టుకోమని ఏ నోటితో చెబుతావు?

మరదలు: అందుకే కత్తిని నా జాబితాలో చిట్టచివర పెట్టాను. పనిముట్టు అనగానే కోసేది అనుకుంటారు. ముందు కావలసింది కొలతను పట్టి ఉంచేది. ఒక్కసారి కొలిచి, ఆ తర్వాత కొలవకుండా కాపాడేది ఏదైనా సరే, దాన్నే ముందు సంపాదించాలి. అచ్చు ముక్క సంగతి తీసుకో. అట్టముక్కను నాలుగున్నర అంగుళాలకు కోసి దాని చుట్టూ పెన్సిలు గీసుకుంటారు. ఇరవై ముప్పైసార్లు గీసేసరికి అట్ట అంచు అరిగి, మూలలు గుండ్రమై, చివరి ముక్క మొదటి ముక్క కన్నా చిన్నదవుతుంది. అదే పాత ఎక్స్‌రే ఫిల్ముతో కోస్తే అరగదు, ఆరపార కనబడుతుంది కాబట్టి గుడ్డ మీద పువ్వు ఎక్కడ పడుతుందో చూసుకోవచ్చు కూడా. కింద జారకుండా వడ్రంగి వాడే ఉప్పుకాగితం చిన్న ముక్క గరుకువైపు గుడ్డకు తగిలేలా అంటిస్తే చాలు. ఇక గీత. పెన్సిలు గీత అచ్చుకు బయట పడుతుంది. ఆ గీతను ముక్కలోనే ఉంచి కోస్తే నాలుగు వైపులా గీత మందం పెరుగుతుంది. గీత లోపలి అంచున కోయాలి. మొద్దు సుద్దతో గీసి ఆ తర్వాత వీసాల గురించి మాట్లాడటం నేల విడిచి సాము. ముదురు రంగు గుడ్డకు అరిగిన సబ్బు ముక్క సన్నగా గీస్తుంది, ఉతికితే పోతుంది. బాల్‌పెన్ను పోదు. రెండోది మూల. చదరం చదరమో కాదో కంటికి తెలియదు. దర్జీ ఎల్ స్కేలు ఉంటే సరే, లేదంటే తాపీమేస్త్రీ పునాది వేసేటప్పుడు చూసే లెక్కే: ఒక అంచున 12 అంగుళాలు, రెండో అంచున 16, వాటి చివరలు కలిపితే సరిగ్గా 20 రావాలి. రాకపోతే మూల తప్పింది. మూడోది మిషను మీద పావు అంగుళం. సూది దిగే చోటి నుంచి పావు అంగుళం కొలిచి, రేకు మీద మందుల షాపులో దొరికే తెల్ల ప్లాస్టరును నాలుగైదు పొరలుగా అంటించు. చిన్న గట్టు తయారవుతుంది. గుడ్డ అంచు ఆ గట్టును రాసుకుంటూ పోతే మార్జిన్ తప్పదు. ఇందాకటి ముప్పై వీసాల బెడద ఈ ప్లాస్టరు ముక్కతో పోతుంది. దీనికి డ్వాక్రా అప్పు అక్కర్లేదు కదా వదినా!

వదిన: ఇంతవరకు నువ్వు చెప్పినవన్నీ మేస్త్రీవీ, వడ్రంగివీ, మందుల షాపువీ. క్విల్టు దుకాణంలోవి ఒక్కటీ చెప్పలేదు. ఓడిపోయినట్టేగా?

మరదలు: గెలిచినట్టు! పనిముట్టు కావాలన్నాను గాని ఫలానా దుకాణంలో కొనాలనలేదు. ఇంకో రెండు చెప్పనీ. ఒక పని మొదలుపెట్టాక చివరిదాకా ఒకే బద్ద వాడాలి. ప్లాస్టిక్కు టేపు పాతబడితే సాగుతుంది. ఒకరి టేపుతో కొలిచి ఇంకొకరి స్కేలుతో కోస్తే ఇద్దరూ సరిగ్గా చేసినా ముక్కలు కలవవు. ఆరుగురు కలిసి కుట్టే చోట ముందు ఆరు టేపులూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంకొకటి గంజి. బయటి దేశాల్లో డబ్బాలో వచ్చే స్టార్చి చల్లి ఇస్త్రీ చేసి కోస్తారు. మెత్తటి గుడ్డ కత్తెర కింద జారుతుంది, గంజి పట్టించిన గుడ్డ కాగితంలా నిలుస్తుంది, కోత తిన్నగా వస్తుంది. ఏటవాలు అంచులు సాగకుండా ఉంటాయి. నేతచీరకు గంజి పెట్టడం ఈ నేలలో ఎవరికీ నేర్పక్కర్లేదు. ఇస్త్రీ మాత్రం రుద్దకూడదు, ఎత్తి పెట్టాలి. రుద్దితే గంజి పెట్టిన గుడ్డయినా సాగుతుంది. ఇప్పుడు కత్తి దగ్గరికొద్దాం. 1979లో జపాను కంపెనీ ఒల్ఫా గుండ్రటి తిరుగుడు కత్తిని తెచ్చింది. కత్తెర కింది దవడ గుడ్డను పైకి ఎత్తి కోస్తుంది, ఆ ఎత్తులోనే పొరలు జరుగుతాయి. తిరుగుడు కత్తి గుడ్డను ఎత్తదు, పరిచిన చోటే స్కేలు వెంట కోస్తుంది, నాలుగు పొరలైనా కలిసి తెగుతాయి. ముక్క ముక్కకు అచ్చు పెట్టి గీయడం మాని, పట్టీలుగా కోసి కుట్టి, ఆ కుట్టిన పట్టీలను మళ్ళీ అడ్డంగా కోసి చదరాలు చేసే పద్ధతి ఊళ్ళూళ్ళూ పాకింది దీంతోనే. వందల ముక్కల పనికి ఇది నిజంగా రోజుల పనిని పూటలోకి తెస్తుంది. పదీ ఇరవై ముక్కలకైతే కత్తెర చాలు. ప్రమాదం మాట నిజమే. బ్లేడు మూసే మూత ఉన్నదే కొనాలి, కోత ఆపిన ప్రతిసారీ మూయాలి, కత్తిని తనవైపు లాక్కోకుండా అవతలికి తోయాలి, స్కేలు మీద పెట్టిన చేతివేళ్ళు అంచు దాటకూడదు. పాకే పిల్లలున్న ఇంట్లో వద్దంటే వద్దు.

వదిన: సరే, కోత అయింది. కుట్టేదెవరు? ఇక్కడ సూది పట్టే చేతులు ఎలాంటివో ఆలోచించావా? పత్తి తీతలు అయ్యేసరికి మిరప కోతలు వస్తాయి. కోతలయ్యాక కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే పని. మిరప ఘాటు పట్టిన వేలికి సూది మొన తగిలితే ఎలా మండుతుందో కొలబద్ద పట్టుకున్నవాళ్ళకు తెలియదు. తీరిక దొరికేది ఎండాకాలం మధ్యాహ్నాలు. అప్పటికి సగంమందికి చత్వారం, సూదిలో దారం ఎక్కదు. మీ పనిముట్లన్నీ కచ్చితం కోసం. సుఖం కోసం ఒక్కటీ లేదు.

మరదలు: ఈ ఒక్క మాట ముందే అని ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టేదాన్ని. సుఖమూ కచ్చితమూ వేరు వేరు కావు. నొప్పెడుతున్న వేలు పెద్ద కుట్టు వేస్తుంది, తొందరగా లాగుతుంది, అక్కడే గుడ్డ ముడుచుకుంటుంది. అందుకని సూదిపనికి మొదటి పనిముట్టు అంగుస్తానా. నడిమి వేలికి తొడిగే ఆ చిన్న లోహపు టోపీ అయిదారు పొరల్లోంచి సూదిని తోసే బరువంతా తీసుకుంటుంది. దాని మీది గుంటల్లో సూది వెనక భాగం ఆనుతుంది కాబట్టి జారదు. వదులుగా ఉంటే ఊడిపోతుంది, బిగుతైతే వేలు తిమ్మిరెక్కుతుంది. అందరికీ ఒకే సైజు పంచితే పెట్టెలో పడి ఉంటుందంతే. రెండు, సూది. బొంత సూది పొడుగ్గా లావుగా ఉంటుంది, పాత చీరలకు అదే సరి. సన్న కుట్టు కావాలంటే పొట్టి సూది కావాలి. చేతి సూదుల్లో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, ఏడు కన్నా తొమ్మిది సన్నం. లావు సూదితో సన్న కుట్టు రాలేదని చేతిని తిట్టుకోవడం దండగ. మూడు, తేనెమైనం. దారాన్ని ఒకసారి మైనం మీద లాగితే మెలి పడదు, ముడి పడదు. నాలుగు, చత్వారానికి సన్నటి తీగ వంచి రేకుకు బిగించిన దారమెక్కించే పుల్ల. చవకైన వస్తువు, కుట్టు సామాను దుకాణాల్లో దొరుకుతుంది. మిషనుతో పొరలు కుట్టేవాళ్ళకు ఇంకో బాధ ఉంది. కింది పొరను మిషను పళ్ళు ముందుకు లాగుతాయి, పై పొరను ఫుట్ నొక్కి వెనక్కి పట్టేస్తుంది. అందుకే చివరికొచ్చేసరికి పై గుడ్డ మిగిలి ముడత పడుతుంది. పై నుంచి కూడా పళ్ళతో లాగే వాకింగ్ ఫుట్ అని ఉంది. పొరలు కుట్టే పని రోజూ ఉంటే అది కొనదగ్గదే. అప్పుడప్పుడైతే నువ్వు చెప్పిన సన్నికల్లు, కచ్చా కుట్టే నయం. పెద్ద బొంత మీద తిన్నటి గీతలు కావాలంటే సుద్దపొడి అద్దిన నూలుతాడును రెండు చివర్లా పట్టి చిటుక్కుమనిపిస్తే చాలు, గీత పడుతుంది. మరో పనిముట్టును ఎవరూ పొగడరు, కుట్టు విప్పే ముల్లు. అది చేతిలో ఉంటే తప్పు కుట్టును విప్పుతారు. లేకపోతే పోనీలే అని ముందుకు పోతారు, ఆ పోనీలే చివరి వరుసలో బయటపడుతుంది.

వదిన: చివరిగా ఒకటి అడుగుతాను, దీనికి చెప్పు. అన్నీ సరిగ్గా వచ్చాయనుకో. మూల మూలకు కలిసింది, గీత గీసినట్టుంది. అలాంటిది పానిపట్టు మిల్లు పూటకు వందలు చేసి పారేస్తుంది, నీ ధరలో పావు వంతుకు. చేతిబొంతను డాలస్‌లో ఉన్న మనవరాలి కోసం కొనే మనిషి ఏం చూసి కొంటుంది? కుట్టు కాస్త అటూ ఇటూ పోవడం చూసి, ఇది మనిషి చేసిందని. ఆ అటూ ఇటూ తీసేస్తే నీ సరుకుకూ మిల్లు సరుకుకూ తేడా ఏముంది? కచ్చితం పేరుతో మన బలాన్ని మనమే కోసుకుంటున్నాం.

మరదలు: ఇది గట్టి మాట, తేలిగ్గా తీసేయలేను. కానీ బొంతలో రెండు రకాల తేడాలున్నాయి వదినా. కుట్టు ఒకచోట పొడుగు, ఒకచోట పొట్టి కావడం, రంగు పక్కన అనుకోని రంగు పడటం చేతి గుర్తులే. వాటిని ఏ పనిముట్టూ తీయనక్కర్లేదు, తీయకూడదు కూడా. ఇంకో రకం తేడాలు బొంతను బొంతగా ఉండనివ్వవు. ఉదాహరణకు అంచు పట్టీ. బొంత పక్క అంచును కొలిచి దాని ప్రకారం పట్టీ కోస్తారు. కానీ అంచు అప్పటికే చేతుల్లో పడి సాగి ఉంటుంది. సాగిన కొలతకు పట్టీ వేస్తే అంచంతా అలలు తిరుగుతుంది, పరిస్తే నేలకు ఆనదు. బొంత నడిమి మీదుగా కొలిచి, ఆ కొలతకే రెండు పక్కలా పట్టీ కోస్తే అలలు రావు. అక్కడ అటూ ఇటూ చూసి ఎవరూ ముచ్చటపడరు, ధర తగ్గిస్తారు. అలాగే లోపల దూది ఉన్న బొంతలో కుట్టు వరుసలు మరీ ఎడంగా ఉంటే రెండు ఉతుకులకే దూది జరిగి ఉండలు కడుతుంది. రెండు మూడు అంగుళాలకు ఒక వరుస పడాలి. ఎడం తెలియడానికి గుర్తు కావాలి, గుర్తుకు తాడో బద్దో కావాలి. పసిబిడ్డ బొంతయితే ఇంకోటి, పెట్టిన గుండుసూదులు ఎన్నో, తీసిన సూదులు అన్నే ఉండాలి. కంటి అందాజుతో లెక్కపెట్టే పని కాదది. మిల్లు పోటీ అన్నావు. అలలు తిరిగిన అంచుతో మిల్లును ఎవరూ ఓడించలేదు. రంగుల ఎంపికలో, గుడ్డ వెనకున్న కథలో, చేతి కుట్టులో పోటీ పడాలి. వాటికి తీరిక కావాలి. కొలిచిందే కొలుస్తూ, విప్పిందే విప్పుతూ పోయే గంటలను ఎక్స్‌రే ఫిల్మూ ప్లాస్టరు ముక్కా మిగిలిస్తే ఆ తీరిక అక్కడి నుంచే వస్తుంది.

వదిన: అయితే నా షరతులు రాసుకో. ఇంటి బొంతకు స్కేలు తేవద్దు, చీర మడతే చాలు. అమ్మే బొంతకైతే అంగుస్తానా, మైనం, అచ్చు, మూలమట్టం, నీ ప్లాస్టరు గట్టు ఇవి ముందు. గుండ్రటి కత్తి మొదటి ఆర్డరు డబ్బు చేతికొచ్చాకే, అదీ మూతతో, మ్యాటుతో కలిపి.

మరదలు: రాసుకున్నాను. వాకింగ్ ఫుట్?

వదిన: రెండో ఆర్డరుకు చూద్దాం.

ఈ జిల్లాల్లో మహిళా సంఘాలకు కుట్టుమిషన్లు పంచేవాళ్ళకూ, శిక్షణ శిబిరాలు నడిపేవాళ్ళకూ నాదొక మనవి. మిషనుతోపాటు ఇచ్చే సంచిలో కత్తెర, టేపు ఎలాగూ ఉంటాయి. వాటి పక్కన ఒక ఎల్ స్కేలు, వేలికి సరిపోయే అంగుస్తానా, దారమెక్కించే పుల్ల, కుట్టు విప్పే ముల్లు కూడా పెట్టండి. మొదటి రోజు పాఠంగా అందరి టేపులూ పక్కపక్కన పరిచి కొలిపించండి.